కారు అరిస్తే బయటికొచ్చే బాబాయిగారు

మా ఎదురింటి బాబాయిగారు పోయారు. రాయడానికి కూర్చున్నాక కూడా ఈ మాట నేను కాక ఇంకెవరో చెప్తున్నట్టే ఉంది. పొద్దున చెత్తబుట్ట రోడ్డు మీదికి లాక్కొచ్చి, "అమ్మాయ్, మీది కూడా తెచ్చెయ్యనా?" అని అరిచిన మనిషి మధ్యాహ్నం భోజనాల వేళకి లేరు. ఇక్కడ అమెరికాలో, ఈ ట్రాయ్ ఊళ్ళో మాకు తెలిసిన తెలుగువాళ్ళందరికీ ఫోన్లు చేసింది నేనే. ప్రతివాళ్ళూ ఒకటే మాట: "అయ్యో, పిన్నిగారా?" కాదండీ, ఆయన అంటే, "ఆయనా?" అని మళ్ళీ అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం, పిన్నిగారు పోతే ఫరవాలేదా? కానీ వాళ్ళననడానికి నాకేం నోరుంది! ఆ రోజు నేను కూడా ముందు పిన్నిగారికే ఏదో అయిందనుకున్నాను.

ఎందుకలా అనుకున్నానో మీకు అర్థం కావాలంటే వాళ్ళ పాత కారు సంగతి చెప్పాలి.

బాబాయిగారంటే మాకు చుట్టం కాదు. కార్లకి సీట్లు చేసే ఒక కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. ఇంట్లో ఆయనా, పిన్నిగారూ అంతే. పిన్నిగారికి ఉబ్బసం. వచ్చిందంటే నోట మాట రాదు, నాలుగడుగులు వేయలేదు. ఒకసారి ఈయన కూరగాయలకి వెళ్ళినప్పుడు వచ్చింది. వంటింట్లో ఉన్న ఫోన్ దాకా కూడా పోలేక మెట్ల మీదే కూలబడిపోయింది. ఆయన తిరిగొచ్చేసరికి మనిషి నీలంగా మారిపోయి ఉందిట. అదృష్టం బాగుండి బతికి బట్టకట్టింది.

అప్పట్నుంచి ఆయన ఒక ఏర్పాటు చేశారు. పిన్నిగారు ఒకప్పుడు నడిపిన పాత కారు వాకిట్లోనే ఉండిపోయేది. ఆయన తిరగడానికి ఇంకో కారుంది. ఆ పాత కారు రిమోట్ మీద ఒక ఎర్ర మీట ఉంటుంది చూడండి, అది నొక్కితే హారన్ వీధంతా వినబడేలా మోగుతుంది. ఆ రిమోట్‌ని పిన్నిగారి కొంగు చివర ముడేయించారు. ఆవిడ ఇంట్లో కూడా చీరే కడుతుంది మరి. "మా అమ్మ బీరువా తాళం చెవి ముడేసుకునేది, నేను కారునే ముడేసుకున్నాను" అని నవ్వేది.

ఏర్పాటు బ్రహ్మాండం. కాకపోతే కారు పాతదైపోయింది. అలారానికి పిచ్చి పట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే పట్టపగలు ఉన్నట్టుండి మోత మొదలుపెట్టేది.

ఆ రోజుల్లో నాకు చంటిది. హెచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చేయకూడదు, రోజంతా ఇంట్లోనే. గంటసేపు జోకొడితే అప్పుడే కన్నంటిన పిల్ల ఆ మోతకి ఉలిక్కిపడి కేర్‌మని లేచేది. ఒకరోజు ఇక నావల్ల కాక పిల్లని చంకనేసుకుని పోట్లాటకి బయల్దేరాను. నేను రోడ్డు దాటేలోపే వాళ్ళ తలుపు తెరుచుకుంది. నెత్తిన టోపీ సర్దుకుంటూ, రెండో చేత్తో వీధిలో ఇళ్ళన్నిటికీ క్షమించమని ఊపుతూ, "వస్తున్నా, వస్తున్నా! వచ్చేశాగా!" అంటూ బాబాయిగారు పరుగు. ఆ మాటలు మాకు కాదు, కారుకి! ఏడ్చే పిల్లని సముదాయించినట్టు. నా కోపం సగం అక్కడే చచ్చింది.

మిగతా సగంతో అన్నాను, "మా ఆయన చెప్పారండీ, ఫ్యూజ్ పీకేస్తే పీడా పోతుందిట."

"పోతుంది. దాంతో మీ పిన్నిగారి ఎర్ర మీట కూడా పోతుంది. రెండిటికీ హారన్ ఒకటే" అన్నారు. అప్పుడే కొంగు సంగతంతా చెప్పారు. చెప్పి, "ఇది ఇలా ఊరికే అరుస్తుంటే, నిజంగా అరిచిన రోజు ఎవరైనా వస్తారా? నువ్వొస్తావా?" అని అడిగారు.

నాకు మొహమాటం తక్కువ. "రానండీ. కిటికీ మూసుకుంటాను" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. "అదీ నా భయం. దాని నోరు నొక్కడం ఎంతసేపు! అది అరిస్తే నలుగురూ నమ్మేట్టు చెయ్యాలి" అన్నారు. తర్వాత నావైపు చూసి, "రోజంతా ఇంట్లోనే ఉంటావుగా, నీకు ఉద్యోగం ఇస్తాను. జీతం లేదు, ఫిల్టర్ కాఫీ ఉంది. వీసా వాళ్ళు కూడా ఏమీ అనరు" అన్నారు. ఈ దేశం వచ్చాక నన్ను పనికి పిలిచిన మొదటి మనిషి ఆయనే.

నా పని కిటికీలోంచి చూడటం. కారు ఎప్పుడు అరిచింది, అప్పుడు ఎండా, వానా, పక్కనుంచి ట్రక్కేమైనా పోయిందా, ఇవన్నీ సాయంత్రం చెప్పాలి. ఆయన పని ఒక్కోదాన్నీ పరీక్షించడం. ముందు బ్యాటరీ నీరసపడిందేమోనని మీటర్ పెట్టి చూశారు. బాగానే ఉంది. తర్వాత తలుపులు. ఏ తలుపైనా సరిగ్గా పడలేదని కారు పొరబడుతోందేమోనని ఒక్కో తలుపూ తీసి వేసి, లోపల దీపం ఆరుతోందా లేదా అని చూశారు. అవీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత డిక్కీ. ఒకటి చూశాక కొన్నాళ్ళు ఆగడం, మళ్ళీ ఇంకోటి. నాకు విసుగొచ్చి, "అన్నీ ఒకేసారి మార్చి పారేయకూడదా బాబాయిగారూ?" అన్నాను.

"ఇంట్లో దొంగ ఉన్నాడని ఇంటిల్లిపాదినీ వెళ్ళగొడితే దొంగా పోతాడు. కానీ ఎవరో తెలీదుగా! మళ్ళీ చుట్టంలా వస్తాడు" అన్నారు.

చివరికి నా ఉద్యోగమే పనికొచ్చింది. వాన పడి వెలిసి, బానెట్ మీదికి ఎండ రాగానే అది అరుస్తోందని గమనించాను. చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. బానెట్‌ని పట్టి ఉంచే గొళ్ళెం లోపల చిన్న స్విచ్ ఉంటుందిట. బానెట్ మూసుందో తెరిచుందో కారుకి చెప్పేది అదేనట. ఆయన దాని వైరు ఊడదీసి వదిలేశారు. వానలు పడ్డాయి, ఎండలు కాశాయి, కారు కిక్కురుమనలేదు. మళ్ళీ తగిలించారు. వానొచ్చి వెలిసిన రోజు మళ్ళీ మోత. "దొరికాడమ్మాయ్!" అని మా ఇంటివైపు తిరిగి అరిచారు. అలారం మోగుతుంటే సంతోషపడ్డ వాళ్ళు మా వీధి మొత్తానికి మేమిద్దరమే.

గొళ్ళెం విప్పి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్ పరిచి పెట్టారు. స్విచ్ చుట్టూ పచ్చగా, గట్టిగా ఏదో అట్ట కట్టి ఉంది. గోటితో గీకి వాసన చూశారు. నా ముక్కు దగ్గర పెట్టారు. పసుపు! ప్రతి దసరాకీ పిన్నిగారు ఆ కారుకి పూజ చేసేది. బానెట్ అంచున పసుపూ కుంకుమా దండిగా అద్ది, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు అభిషేకం చేసినట్టు బానెట్ మీదే పోసేది. ఇన్నేళ్ళ భక్తీ సందులోంచి జారి స్విచ్ మీద పేరుకుపోయింది. తడిసినప్పుడల్లా అంటుకుపోయి, ఎండకి బిగుసుకుని, బానెట్ ఎవరో తెరిచారని కారుకి చాడీలు చెప్తోంది.

నాకు నవ్వాగలేదు. ఆయన గబుక్కున నోటి మీద వేలు పెట్టుకున్నారు.

"ఏం దొరికిందండీ?" అని వంటింట్లోంచి పిన్నిగారు.

"ఉప్పు! చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లుతారే, ఆ దిక్కుమాలిన ఉప్పు!" అన్నారు, కన్నార్పకుండా. పాత టూత్‌బ్రష్షుతో, వేణ్ణీళ్ళతో కడిగి, పిన్నిగారి హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, కాస్త గ్రీజు రాసి బిగించారు. తర్వాతి దసరాకి, "బానెట్ రంగు పోతోంది, ఈసారి టైర్లకి పెట్టు" అని ఇంకో కథ అల్లారు. ఆవిడ బుద్ధిగా టైర్లకే పెట్టింది. నాకు ప్రసాదం ఇస్తూ చెవిలో అంది, "ఉప్పు పచ్చగా ఉంటుందామ్మా? నేనేదో బాధపడతానని ఆయన బాధ."

కారు బాగయిన రోజు ఆయన వాళ్ళింటి తాళం చెవి ఒకటి నా చేతిలో పెట్టారు. ఇన్‌హేలర్ ఫ్రిజ్ పక్క గూట్లో ఉంటుందని చూపించారు. "ఇక నుంచి అది అరిస్తే అబద్ధం కాదు. కిటికీ మూసుకోకు" అన్నారు. మూసుకోనండీ అన్నాను. ఆ తర్వాత కారు అరవలేదు. ఎన్ని వానలొచ్చినా అరవలేదు. మా పిల్ల బడికి వెళ్ళే వయసుకొచ్చింది. నేనైతే ఆ కారుకి నోరుందనే మర్చిపోయాను.

ఆ మంగళవారం అరిచింది.

చేతిలో గరిటె ఎక్కడ పడేశానో తెలీదు. ఒక కాలికే చెప్పుంది. పిన్నిగారు, పిన్నిగారు అనుకుంటూ రోడ్డు దాటాను, తలుపు తీశాను, తిన్నగా గూటి దగ్గరికి ఉరికి ఇన్‌హేలర్ అందుకున్నాను. వెనక్కి తిరిగితే పిన్నిగారు నిలబడి ఉంది. శుభ్రంగా ఊపిరి పీలుస్తోంది. రెండు చేతులతో కొంగు పట్టుకుని ఆ ఎర్ర మీట నొక్కుతూనే ఉంది.

"నాకు కాదమ్మా. ఆయనకి" అంది.

బల్ల పక్కన నేల మీద బాబాయిగారు. నా చేతిలో ఇన్‌హేలర్. దాన్ని ఏం చేయాలో తెలీక అలా పట్టుకునే నిలబడ్డాను. తర్వాత నైన్ వన్ వన్‌కి ఫోన్ చేశాను, వాళ్ళు చెప్పినట్టల్లా గుండె మీద నొక్కాను, అంబులెన్స్ వచ్చింది, తీసుకెళ్ళారు. గుండె ఆగిపోయిందని, మీరు చేయగలిగిందంతా చేశారని ఆసుపత్రిలో చెప్పారు. హారన్ నిజంగానే మోగింది. నేను నమ్మాను, పరిగెత్తాను. అంతా ఆయన అనుకున్నట్టే జరిగింది. అయినా ఆయన దక్కలేదు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. పిన్నిగారి కోసం అంత జాగ్రత్తపడిన మనిషికి తన సంగతి ఒక్కసారీ తోచలేదు. మాకూ తోచలేదు.

కార్యక్రమాలన్నీ అయిపోయి, వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు. నిన్న మధ్యాహ్నం వాన వెలిసింది. కారు మళ్ళీ అరిచింది.

ఈసారి నిజంగా ఆవిడకే అనుకుంటూ పరిగెత్తాను. పిన్నిగారు లోపల లేదు. వాకిట్లో కారు పక్కనే నిలబడి ఉంది, చేతిలో కొంగు ముడి. ఉబ్బసం లేదు, ఏమీ లేదు. పాడైందేమో చూద్దామని నేను బానెట్ మీద చెయ్యి వేశాను.

"పాడవలేదమ్మా, నేనే నొక్కాను" అంది. తెరిచి ఉన్న వీధి తలుపు వైపే చూస్తోంది. తలుపు పక్కన కొక్కేనికి ఆయన టోపీ వేలాడుతోంది. "ఇది అరిస్తే ఎక్కడున్నా వచ్చేవారుగా" అంది.

ఆపమని నేను అనలేకపోయాను. ఆవిడ పక్కన నిలబడి నేనూ ఆ తలుపు వైపే చూశాను.