మొక్కు పుంజుకు అజీర్తి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఆయన అక్కడ ఉండేవాడు. ఆఫీసులు గుడారాల్లో పెట్టారని, ఎక్కడ చూసినా కట్టడాలేనని, బేతంచెర్ల బండలకు గిరాకీ పెరిగిందని లారీ మీద పోయినవాడు ఎప్పుడో ఒకసారి వచ్చి, కడుపునిండా తిని, నిద్రపోయి, మళ్లీ పోయేవాడు. బేతంచెర్ల పక్క పల్లెలో అత్తా నేనూ మిగిలాం. మామ అప్పటికే లేడు. అత్త చెడ్డ మనిషి కాదు గానీ మాటంటే మహా పిసినారి. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మా మధ్య నడిచిన మాటలన్నీ కూడగట్టినా పిడికెడు కావు.

నాకు పిల్లలు కలగలేదని అత్త సుంకులమ్మకు పుంజును మొక్కింది. మనిషి ఇంట్లో ఉంటే కదా పిల్లలు పుట్టేది, ఆయన కర్నూల్లో కూర్చుంటే పాపం అమ్మవారు మాత్రం ఏం చేస్తుంది? ఆ మాట అనే ధైర్యం నాకు అప్పుడు లేదు. ఇప్పుడుంది గానీ వినేవాళ్లు లేరు.

మొక్కిన పుంజుకు మా వైపు ఒక మర్యాద ఉంది. అది పెంట మీద తిరగకూడదు, పురుగూ పుట్రా ముట్టకూడదు, ఇంకొకరి గడప తొక్కకూడదు. అందుకని అత్త దాన్ని నాపబండలు పరిచిన వెనక వసారాలో కాలికి తాడు కట్టి ఉంచింది. బండల్ని తనే ఊడ్చేది, తనే కడిగేది. మేత పెట్టడం నా పని. ఏరిన జొన్నలు, అప్పుడప్పుడు కొర్రలు. నల్లటి పుంజు, మెడ మీద మాత్రం ఇటుకరంగు ఈకలు. దాని పక్కన కూర్చుని సంగటి తింటూ మాట్లాడేదాన్ని. పుట్టింటి ముచ్చట్లు, ఆయన మీద కోపం, అత్త మీద చాడీలు. తల పక్కకు వాల్చి వినేది. ఆ ఇంట్లో నా మాట చివరిదాకా విన్న ప్రాణి అదొక్కటే.

సుంకులమ్మ జాతర, మా వైపు దేవర అంటారు, దగ్గరపడుతుండగా ఒక పొద్దున పుంజు మేత ముట్టలేదు. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి మూలకు ఒదిగింది. తలమీది తురాయి వన్నె తగ్గింది. రెట్ట నీళ్లలా, ఆకుపసరులా పడింది. పక్కింటామె తొంగిచూసి తెగులు అని తేల్చేసింది. మామూలు కోడికి ఇలాగైతే మా ఊళ్లో మందు ఒకటే, సాయంత్రానికి కూర. కానీ మొక్కిన పుంజును ఇంట్లో కోయకూడదు, దాని బదులు ఇంకొకటి ఇవ్వకూడదు. దేవరదాకా అది బతకాల్సిందే. పక్కింటామె పోయాక అత్త నా ముఖం చూడకుండా అంది:

"ఇది సచ్చిందంటే అమ్మకు నువ్వు పనికిరాలేదనే మే. నా కొడుక్కు ఇంగో పిల్లను సూడాల్సొస్తాది."

కోపంగా అనలేదు. వాన రాకుంటే పైరు ఎండుతుందని చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు మరీ భయమేసింది.

మా అమ్మ కోళ్లు సాకిన మనిషి. తెగులైతే కోడి మెడ తిప్పుకుంటుందని, గురక పెడుతుందని, చుట్టుపక్కల కోళ్లు కూడా వరసగా పడిపోతాయని చెప్పేది. ఈ పుంజు మెడ నిటారుగానే ఉంది. ఊపిరిలో గురక లేదు. వీధిలో కోళ్లన్నీ హాయిగా తిరుగుతున్నాయి. కోడికి మెడ కింద, రొమ్ముకు పైన మేత నిలిచే సంచి ఉంటుంది. సాయంత్రం నిండింది తెల్లారేసరికి ఖాళీ కావాలి. తడిమి చూస్తే నిన్నటి జొన్నలు ముద్దకట్టి రాయిలా తగిలాయి. నోరు తెరిచి చూస్తే పులిసిన వాసన. తెగులు కాదు, అజీర్తి.

దాన్ని ఒళ్లో పెట్టుకుని, గోరువెచ్చని నీళ్లలో కాస్త శెనక్కాయల నూనె కలిపి నోటి పక్కనుంచి చుక్కచుక్కగా పోశాను. గబగబా పోస్తే ఊపిరికి అడ్డంపడి చస్తుంది. తర్వాత వేళ్లతో సంచిని మెల్లగా పిసుకుతూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి ముద్ద వదులైంది. జొన్నలు మానిపించి పల్చటి మజ్జిగ తాపాను. మర్నాడు లేచి నిలబడి నా వేలు పొడిచింది. ఏడుపొచ్చింది నాకు.

కానీ జొన్నలు వేయగానే సంచి మళ్లీ గట్టిపడింది. అప్పుడు వసారాలో కూర్చుని కింద ఉన్న బండను చూశాను. కోడికి పళ్లు లేవు. అది మింగిన చిన్న రాళ్లే కందనకాయలో మేతను నూరుతాయి. ఈ పుంజు కాలికి తాడు పడినప్పటినుంచి మట్టి ఎరగదు. అత్త భక్తి కొద్దీ గింజంత రాయి కూడా లేకుండా ఊడ్చేసింది. బండలమ్ముకుని బతికే ఊళ్లో రాయి దొరక్క పుంజు చావబోయింది.

నీళ్లింకిన వంకలోకి దిగి కొంగులో ముతక ఇసుక తెచ్చాను. మొక్కుదానికి మట్టి పెడతావా అని అత్త అడ్డమొచ్చింది. అది తినకుంటే బతకదని చెప్పాను. ఆమె ఇసుకను నా దగ్గర్నుంచి తీసుకుని, దేవుడి బియ్యం కడిగినంత శ్రద్ధగా కడిగి తెచ్చింది. పుంజు ఒక్కో రాయీ ఏరుకుని మింగింది. కొర్ర గంజితో మొదలుపెట్టి మెల్లగా గింజలకు తెచ్చాను. దేవరనాటికి తురాయి ఎర్రబడింది, కూత వీధి చివరికి వినబడింది.

ఎందుకు బతికిస్తున్నానో తెలియక కాదు. అది చస్తే నా కాపురం పోతుంది, బాగైతే కత్తికి పోతుంది. ఎవరికి చెప్పినా నవ్వుతారు. నా కష్టాలన్నీ విన్న పుంజుకు ఈ ఒక్కటి మాత్రం చెప్పలేకపోయాను.

దేవరకు ఆయన రాలేదు. నేనే దాన్ని సంకలో పెట్టుకుని గుడిదాకా మోశాను. నీళ్లు చల్లితే కోడి ఒళ్లు విదిలించాలి, అప్పుడే అమ్మ ఒప్పుకున్నట్టు. చల్లీచల్లకముందే విదిలించింది, అంత ఆరోగ్యంగా ఉంది మరి. అందరూ సంతోషించారు. మొక్కు ఎవరి కోసమో వాళ్లే తొలి ముద్ద తినాలి. తిన్నాను.

ఇంటికొచ్చాక అత్త వసారాలో నా పక్కన కూర్చుంది.

"నువ్వు దాంతో మాట్లాడేదంతా నాకు ఇనపడతానే ఉండె మే. ఇంగో కోడిపిల్లను తెచ్చుకో. మొక్కుది గాదులే, ఊరికే నీకు తోడుండేదానికి."

"వద్దత్తా," అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు, కానీ లేచి పోనూ లేదు. చాడీలన్నీ విని కూడా ఏమీ అనని మనిషి, ఆ రోజు నాతో మాట్లాడాలనే కూర్చున్నట్టుంది. అప్పటికి నాకే మాట్లాడే మనసు పోయింది.