అద్దాల పెట్టెలో హెరాల్డ్ బొమ్మ

మా అక్క విమలకుమారికి కోపం ఓ పట్టాన రాదు. వచ్చిందంటే మాత్రం ఎదుటివాడి పని పట్టేదాకా పోదు. నాది పాలపొంగు. అందుకే పగ తీర్చుకోవడం అక్కకి చేతనవుతుంది, నాకు కాదు.

బాపట్లలో టైపు నేర్చుకున్న అక్క 1978లో న్యూజెర్సీ వచ్చింది. పిస్కాటవేలో మా ఇళ్ళకి పావుగంట దూరంలో ఉన్న ఒక పాత లైబ్రరీలో బొమ్మలకి కేటలాగ్ కార్డులు రాసే ఉద్యోగం. వేసింది ఎవరు, ఏ ఏడు, దేనితో, ఎవరిని వేశారు. ఈ నాలుగు వరుసలూ పొల్లుపోకుండా రాసేది.

పక్క బల్ల రూత్ లెవిన్‌ది. పారిస్‌లో పుట్టిన యూదురాలు. మా పెద్దమ్మ పేరు కూడా రూతమ్మే అని తెలిసి మొదటి రోజే ఇద్దరూ కలిసిపోయారు. అక్క డబ్బాలో పులిహోర ఉంటే సగం ఆవిడదే.

1984లో ఎవరో పెద్దాయన పోతే ఆయన సేకరణ లైబ్రరీకి వచ్చింది. వందేళ్ళ కిందటి ఫ్రెంచి వ్యంగ్య పత్రికలు, బొమ్మల నవలలు. ఏది తెరిచినా ఒకే యూదుడు. కొక్కెం ముక్కు, లావు పెదాలు, భూగోళాన్ని ఒడిసి పట్టుకున్న గోళ్ళు. కథలో వాడు బ్యాంకరైనా, బట్టల వ్యాపారైనా, డాక్టరైనా ముఖం మారదు. కింద రాతలు రూత్ చదివి చెప్పేది, అక్క కార్డులకెక్కించేది. "ఇవి చూసి నవ్విన ఊళ్ళోంచే మా నాన్నని నాజీల చావు శిబిరానికి రైలెక్కించారు. మళ్ళీ రాలేదు," అంది రూత్ ఒకసారి, కాగితం మీంచి తల ఎత్తకుండా.

ఆ వేసవిలో సెక్షన్ హెడ్ పోస్టు ఖాళీ అయింది. రూత్ అప్లై చేసింది. అదే పోస్టు మీద కన్నేసిన హెరాల్డ్ విట్‌మోర్ మెమో కాగితం మీద ఆవిడ బొమ్మ వేసి కాఫీ గదిలో అంటించాడు. అదే ముక్కు, అవే గోళ్ళు, గోళ్ళ మధ్య మా అక్క వాళ్ళ లైబ్రరీ. నలుగురు నవ్వారు. అక్కా నవ్వింది. చిన్నప్పుడు గుడ్ ఫ్రైడే నాటకంలో ఏసుని పట్టించిన ఇస్కరియోతు యూదా వేషగాడికి బంకమట్టి ముక్కు అతికించేవాళ్ళం. ఏసూ యూదుడే, పన్నెండుమంది శిష్యులూ యూదులే, మరి ఒక్కడికే ఆ ముక్కెందుకని ఏనాడూ అడగలేదు. సిగ్గుచేటు.

అక్క తల తిప్పేసరికి గుమ్మంలో రూత్ నిలబడి ఉంది. ఆ శుక్రవారమే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయింది. పోస్టు హెరాల్డ్‌కి దక్కింది. అక్క ఆ కాగితాన్ని గోడ మీంచి ఊడదీసి ఇంటికి తెచ్చింది.

"వాణ్ణి వదల్నే మణీ. రూత్ వచ్చి కళ్ళారా చూడాలి."

"జాబ్ పోద్దక్కా. బావని లేఆఫ్ చేసి మూడు నెల్లయింది."

"పోతే పోనీ. క్షమించమని బైబిలు వాక్యం మాత్రం చెప్పకు నాకు."

నేను చెప్పలేదు. వాడి పీక నులమాలని నాకూ ఉంది.

అక్టోబరులో ఆ సేకరణని ఎగ్జిబిషన్ పెట్టారు. అద్దాల పెట్టెలు సర్దేది అక్క, తాళాలూ అక్క దగ్గరే. ప్రారంభానికి నేనూ వెళ్ళాను. డైరెక్టరు, ట్రస్టీలు వరసగా చూసుకుంటూ వచ్చి చివరి పెట్టె దగ్గర ఆగిపోయారు. 1894 నాటి పారిస్ బొమ్మ పక్కన కాఫీ గది బొమ్మ. కింద అక్క కార్డు: "వేసినది హెరాల్డ్ విట్‌మోర్. 1984. మెమో కాగితం, బాల్‌పెన్. బొమ్మలో ఉన్నది రూత్ లెవిన్."

హెరాల్డ్ పెట్టెకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"అది తీసెయ్యండి," అన్నాడు.

"కార్డులో తప్పేదైనా ఉంటే చెప్పండి, దిద్దుతాను," అంది అక్క.

డైరెక్టరు దాన్ని అలాగే ఉంచమన్నాడు. పై వారానికి హెరాల్డ్ ఆ లైబ్రరీలో లేడు. నాకు కడుపు నిండిపోయింది. అక్కకి నిండలేదు. రూత్‌కి ఫోన్ మీద ఫోన్ చేసి, రమ్మని బతిమాలింది.

ఎగ్జిబిషన్ ఆఖరి వారంలో రూత్ వచ్చింది. కోటు విప్పకుండానే పెట్టె ముందు నిలబడి కార్డు రెండుసార్లు చదివింది.

"వాడి పేరు రాశావు, నా పేరు రాశావు. నవ్వినవాళ్ళ పేర్లేవి విమలా?"

అక్క తాళం తీసింది. కార్డు బయటికి తీసి, నాలుగు వరుసల కింద ఐదోది మొదలుపెట్టి, ముందు తన పేరు రాసింది.