తోడికోడలి నోరు

పెద్దకోడలి నోరంటే చిన్నకోడలికి కుళ్లు. అది చెడ్డ నోరైతే సరిపోయేది. ఆ నోటికి ఇల్లంతా పడి చస్తుంది, అదీ బాధ. ఆస్పత్రిలో ఎక్స్‌రే యంత్రం నడిపే ఉద్యోగం చిన్నకోడలిది. అక్కడి తమాషాలు ఆమె చెబితే అందరూ తింటూ ఊఁ కొడతారు. అవే మర్నాడు పెద్దకోడలు చెబితే పొలమారేలా నవ్వుతారు. చెప్పేది తన కథే! మండదూ మరి?

ఒక మధ్యాహ్నం ఆ పెద్దకోడల్నే స్ట్రెచర్ మీద తెచ్చారు. మూతి పక్కకు లాగేసింది, కుడిచెయ్యి వాలిపోయింది, మాట లేదు. మెదడుకెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందనీ, త్వరగా తీయకపోతే ఇక మాట రాదనీ అన్నాడు డాక్టరు.

"మీ తోడికోడలట కదా, యంత్రం దగ్గర మీరు ఉండగలరా?"

"ఉంటానండీ. ఇప్పుడు ఇంకెవరున్నారు?"

ఇకమీదట ఇంట్లో తన మాటే వింటారన్న పాడు ఊహ చిన్నకోడలికి ఒక్క క్షణం మెదిలింది. ఛీ అనుకుంది గానీ, మెదిలిన మాట నిజం.

తొడ దగ్గర నుంచి పంపిన సన్నని గొట్టం గుండె పైదాకా వెళ్లి, మెడలోకి తిరగనని మొండికేసింది. తోసినకొద్దీ వెనక్కి జారుతోంది.

"అబ్బ, ఏం మెలికలండీ! నా సర్వీసులో ఇలాంటివి చూడలేదు," అన్నాడు డాక్టరు.

ఆఖరికి రక్తనాళాలకు కూడా మెప్పేనా అని చిన్నకోడలికి ఒళ్లు మండింది. మండుతూనే, డాక్టరు చెప్పినట్టు యంత్రాన్ని పక్కకు వంచి ఆ మెలికల బొమ్మ తీసింది. ఆయన దారి మార్చి మణికట్టు నుంచి వెళ్లాడు. ఈసారి గొట్టం తిరిగింది. గడ్డ బయటికొచ్చింది. తెరమీద అంతవరకూ కనబడని నాళాలన్నీ రంగుమందు పారి నల్లగా విచ్చుకున్నాయి. చిన్నకోడలు గోడవైపు తిరిగి ఏడ్చేసింది.

పెద్దకోడలు మాటలు కూడబలుక్కుంటున్న రోజుల్లో పక్కన కూర్చుని ఇదంతా చెప్పింది చిన్నకోడలే. కొన్నాళ్లకు చూడటానికొచ్చిన చుట్టాల ముందు పెద్దకోడలు అదే కథ ఎత్తుకుంది.

"గొట్టమేమో రానంటుంది, డాక్టరేమో వదలనంటాడు..."

కళ్లు మూసుకు పడుకున్న మనిషి, దగ్గరుండి చూసినట్టు! చిన్నకోడలు కళ్లలో నిప్పులు పోసుకుంది. చూసింది తను కదా!

అంతలో పెద్దకోడలు తడబడింది. "అప్పుడేమో... ఇదిగో... ఇక్కణ్నుంచి..." చెయ్యి చూపిస్తోంది గానీ మాట దొరకడం లేదు. అందరూ చిన్నకోడలి వైపు తిరిగారు. కాపురానికొచ్చిన నాటినుంచీ ఆమె ఎదురుచూసిన చూపులవి. మిగతా కథంతా నాలిక చివరిదాకా వచ్చేసింది.

"మణికట్టు, అక్కా," అంది మెల్లగా.

"ఆఁ, మణికట్టు! గుమ్మంలోంచి రానివ్వకపోతే కిటికీలోంచి దూరాడమ్మా ఆ డాక్టరు!"

ఇల్లంతా గొల్లుమంది. చిన్నకోడలికి ఎప్పటిలాగే కడుపు మండిపోయింది.