సంతోషమ్మ ఇసుక బడి

మా చిన్నత్త సంతోషమ్మ పేరెత్తితే మా ఊళ్ళో చాలామంది ఆమె గొంతు గురించే మొదలుపెడతారు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే చిత్తూరు రోడ్డు మీద పోయే బండెద్దులు చెవులు ఆడించేవట. నేను ఆమె ఇసుక గురించి రాస్తాను. కాలేజీ సగంలో వదిలేసి వచ్చినవాడికి చదువు గురించి రాసే హక్కు ఎక్కడిదని అడిగేవాళ్ళుంటారు. అడగనీ.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, చర్చి పక్కన రేకుల కొట్టంలో, ఇంకా పలక పట్టని పిల్లల కోసం ఆమె ఒక బడి పెట్టింది. ఎక్కాలు లేవు, బెత్తం లేదు. కొబ్బరిచిప్పతో ఇసుక పోయడం, చిప్పకొక చింతగింజ పక్కన పెట్టడం, పొడుగు పుల్లలు ఒకవైపు పొట్టి పుల్లలు ఒకవైపు వేయడం, ఏ కుండకు ఏ మూకుడు సరిపోతుందో వెతకడం. అంతే.

ఊరికి నచ్చలేదు. "ఇసకలో ఆడుకునేదానికి బడెందుకు మ్మే? మా వాకిట్లో లేదా ఇసక?" అని శకుంతలమ్మ నీళ్ళ దగ్గర అందరి ముందూ అడిగింది.

"ఇసక ఉండాది. నేను లేను గదా మీ వాకిట్లో!" అని మా అత్త బిందె ఎత్తుకుని వచ్చేసింది.

ఊళ్ళో ఎవరి కళ్ళంలో ధాన్యమైనా పడి అనే కొలపాత్ర పట్టి కొలిచేది కుప్పయ్య. ఆయన ఐదేళ్ళ కూతురు నాగులమ్మ మా అత్త దగ్గరికి వచ్చేది. రాగుల నూర్పిళ్ళప్పుడు ఒక రోజు మునిరామయ్య కళ్ళంలో కుప్పయ్య మొదటి పడి ఎత్తగానే, వెంట వచ్చిన ఆ పిల్ల గట్టిగా "ఒకటి!" అంది.

మా వైపు కళ్ళంలో మొదటి పడిని ఒకటి అనరు. "లాభం" అంటారు. ఆ తరువాత రెండు. ఒకటి అని నోరు జారితే రాశి అక్కడితో ఆగిపోతుందని భయం. మునిరామయ్య మొహం మాడిపోయింది. కుప్పయ్య ఎత్తిన రాగులు మళ్ళీ రాశిలో కలిపి, దండం పెట్టి, మొదటినుంచి కొలిచాడు. మర్నాడు నాగులమ్మ బడికి రాలేదు. మేకల వెంట పోయింది.

కుప్పయ్య బిడ్డే మానేసిందంటే మిగతావాళ్ళూ మాన్పిస్తారు. కొట్టానికి తాళమే. మా అత్త బతిమాలుకోవడానికి పోయిందనుకుంటారేమో, పోట్లాటకే పోయింది. నేనూ వెంట ఉన్నాను. మునిరామయ్య రెండో రాశి ముందు కుప్పయ్య తలగుడ్డ సర్దుకుంటున్నాడు. పక్కనే నాగులమ్మ మేకపిల్లను పట్టుకుని నిలబడింది.

"ఏమప్పా కుప్పయ్యా, నా బడిపిల్లని మేకలకిచ్చేసినావంట?"

"నీ బడి నా నోటికాడి కూడు తీసేట్టుండాది టీచరమ్మా. లాభమనేది నేర్పకుంటే అది యాడి బడి?"

"నేను నేర్పలే, నిజమే. ఇంట్లో నువ్వు నేర్పినావా?"

మునిరామయ్య పక్కున నవ్వాడు.

"ఇంగో మాట," అంది అత్త. "బిడ్డని ఈడ కూసోబెట్టు. నోరు తెరవదు. నీ కొలతంతా గింజలు పెట్టి సూపిస్తాది. తప్పిందంటే మేకలే తోలుకోనీ, నేను మళ్ళా అడగను."

"తప్పకుంటే?"

"రేపు బడికి తోలుకొని రా. నీ పడి కూడా ఎత్తుకొని రా."

అత్త కొంగులోంచి చింతగింజలు తీయబోయింది. "అమ్మా తల్లీ! రాగుల్లో కలిస్తే ఎవురేరేది?" అని మునిరామయ్య అడ్డుపడ్డాడు. కళ్ళంలో గడ్డికి కరువా? అత్త ఒకే పొడవున పరకలు తుంచి నాగులమ్మ ఒళ్ళో పోసింది.

కుప్పయ్య పడి ఎత్తి, కూతురి వైపు గుర్రుగా చూస్తూ "లాభం" అన్నాడు. పిల్ల పెదాలు బిగించి ఒక పరక నేల మీద పెట్టింది. రెండు. ఇంకో పరక. మధ్యలో కుప్పయ్య పడి నింపి, గోనెలో పోయకుండా కావాలనే మళ్ళీ రాశిలోకి వంచేశాడు. నాగులమ్మ పెట్టబోయిన పరకను వెనక్కి తీసుకుంది.

"నీ బిడ్డే గదప్పా, నీ ఎత్తులు దానికి తెలీవా?" అన్నాడు మునిరామయ్య.

రాశి అడుగంటింది. ఊడ్చి ఎత్తితే చివరి పడి సగానికే నిండింది. నాగులమ్మ పడిలోకి తొంగి చూసింది. చేతిలో పరక చూసుకుంది. మా అత్త వైపు చూసింది. అత్త మొహం పక్కకు తిప్పుకుంది. సగం అనేది ఆ కొట్టంలో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్ల పరక రెండు కొసలూ కలిపి, మధ్యకు మడిచి, పుటుక్కున విరిచింది. ఒక ముక్క వరుసలో పెట్టింది. రెండోది అవతల పారేసింది.

కుప్పయ్య వంగి, పరకలను వేలితో తడుముతూ ఆ ముక్క దాకా వచ్చి ఆగాడు.

"ఇది నువ్వు సెప్పినావా టీచరమ్మా?"

"లేదప్పా."

"నేనూ సెప్పలే."

"నాయనా," అంది నాగులమ్మ, "ఇప్పుడు మాట్లాడొచ్చా?"

మా అత్త ఆ పిల్లను ఎత్తుకుని కళ్ళమంతా వినిపించేలా నవ్వింది. ఆమె మా అత్త అని చెప్పుకోవడానికి నాకు ఏ డిగ్రీ అక్కర్లేదు.

మర్నాడు కుప్పయ్య పడిని చంకన పెట్టుకుని కూతురితో వచ్చాడు. కొట్టం గడప దగ్గర కాసేపు సిగ్గుపడ్డాడు. తరువాత లోపలికి వచ్చి, ఇసుక ముందు గొంతుక్కూర్చుని, పడి ముంచి పైకెత్తాడు. ఆయన నోరు తెరిచేలోగానే పిల్లలంతా రేకులు అదిరేట్టు "లాభం!" అని అరిచారు.