పసుపు దంచిన రోజు

నాలుగేళ్ల కిందట మాఘమాసంలో, ఒక బుధవారం, మా చెల్లెలి రెండో కూతురి పెళ్లికి పసుపు దంచారు. ఉదయం ఆరున్నరకే పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. వాళ్లిల్లు మాకు మూడో ఇల్లు. పిలుపు రాలేదు. ఏడుంపావుకి రోకళ్ల చప్పుడు వినిపించింది.

ఫోన్ చేశాను.

"నీకివన్నీ గిట్టవు కదక్కా," అంది చెల్లెలు. "వచ్చి క్లాసు పీకుతావని మా ఆడపడుచులు హడలిపోతున్నారు. స్త్రీవాదులకి పెళ్లంటేనే పడదంట కదా."

"నలభై రెండేళ్లుగా కాపురం చేస్తున్నానే," అన్నాను.

"బావగారు భరిస్తున్నారు కాబట్టి," అంది. పక్కన ఎవరో నవ్వారు.

అంతకు ఆరేళ్ల ముందు దాని పెద్దమ్మాయి పెళ్లికి పసుపు దంచేటప్పుడు నేనన్నది ఒక్కటే మాట. భర్త లేడని మా అమ్మని గడప అవతలే నిలబెట్టారు. అమ్మనీ ఒక పోటు వెయ్యనివ్వమన్నాను. ఒప్పుకోలేదు. ఆ వేడుకంటే నాకిష్టం కాబట్టే అమ్మకీ అందులో చోటు అడిగాను. వాళ్లకి మాత్రం నాకా వేడుకంటేనే గిట్టనట్టు తోచింది.

ఊళ్లోవాళ్ల మాటలు నాకు అలవాటే. కానీ చెల్లెలు పుట్టేనాటికి నాకు పదకొండేళ్లు. దానికి జడలు వేసింది, అక్షరాలు దిద్దించింది నేను. యాభై నాలుగేళ్లుగా నన్ను చూస్తున్న మనిషి, ఆడపడుచుల మాటే నమ్మింది.

మా ఆయన కాఫీ తెచ్చి, "నేను వెళ్లి చెప్పనా?" అన్నారు. వద్దన్నాను. ఎనిమిదిన్నరకి రోకళ్లు ఆగేదాకా, ఎవరైనా వస్తారేమోనని వీధి తలుపు తీసే ఉంచాను.