పెట్టెలో పెట్టడానికి ఒక ముఖం

నా బీరువాలో రెండు కెమెరాలు ఉన్నాయి. ఒకటి సబ్బుబిళ్ల అంత ఉంటుంది. పత్రికలో పనిచేసే రోజుల్లో కొన్నాను. చొక్కా జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలిసేది కాదు. గూడూరు నిమ్మకాయల మార్కెట్టుకూ, కొడవలూరు దగ్గర నీట మునిగిన వరికీ, తుఫాను వెళ్లాక తీరానికీ నాతో అదే వచ్చింది. అంచుల దగ్గర వెండిరంగు ఊడిపోయింది. బ్యాటరీ ఉబ్బి ఇప్పుడు మూత కూడా పడదు.

రెండోది ఉద్యోగం మానేశాక కొన్న మిర్రర్‌లెస్, కొత్తరకం పెద్ద కెమెరా. దానికి మనిషి కన్ను కనిపెట్టడం తెలుసు. ఎవరి వైపు తిప్పినా తెరమీద చిన్న ఆకుపచ్చ చదరం వచ్చి వాళ్ల కంటిమీద కూర్చుంటుంది. ఆ మనిషి కదిలితే తానూ కదులుతుంది. ఎదుట ఉన్నవాళ్లు చెక్కినట్టు వస్తారు, వెనకున్నదంతా పాలలో కలిసినట్టు కరిగిపోతుంది. బటన్ మీద వేలు పెట్టి ఉంచితే రెప్పపాటులో ఎన్ని ఫొటోలు పడతాయో లెక్క తెలియదు. చిన్నదానితో అలా కాదు. బటన్ నొక్కాక అది కాస్త ఆలోచించుకుని, తనకు వీలైనప్పుడు ఫొటో తీస్తుంది. ఈలోగా ఎదుటివాడు ముఖం తిప్పుకుంటాడు, లేకపోతే లేచి వెళ్లిపోతాడు.

ఈ రెండింటిలో ఏది మేలని ఎవరైనా అడిగితే ఒకప్పుడు వెంటనే చెప్పేవాడిని.

మొన్న వానల్లో, గాలి ఎక్కువగా ఉన్న వారంలో, మా తీరంలో ఒక ఫైబర్ పడవ అలలు దాటుతూ బోల్తాపడింది. అందులో ముగ్గురు. ఇద్దరు ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చారు. మూడో అతను రాలేదు. పడవ దొరికింది, వల సగం దొరికింది, అతను మాత్రం దొరకలేదు. కొన్నాళ్లు వెతికి ఆపేశారు.

ఒక ఉదయం అతని అన్న మోటారు సైకిలు మీద నెల్లూరు వచ్చి మా ఇంటి ముందు ఆగాడు. లోపలికి రమ్మంటే చెప్పులు విప్పి గడపలోనే నిలబడ్డాడు.

“అన్నా, మా తమ్ముడి ఫొటో మీ కాడ ఉంటదని మా మరదలు పంపించింది. పెట్టెలో పెట్టేదానికి.”

వాళ్ల పల్లెలో సగం కుటుంబాలు చర్చికి వెళ్లేవే. సముద్రంలో పోయి శవం దొరకని మనిషికి కూడా వాళ్లు పెట్టె చేయిస్తారు. చొక్కా, లుంగీ మడిచి అందులో పెడతారు. తల ఉండాల్సిన చోట ముఖం ఫొటో పెడతారు, మనిషి ముఖం ఎంత ఉంటుందో అంత. తర్వాత అందరూ పెట్టె చుట్టూ నిలబడి ఆఖరి ఫొటో దిగి, పెట్టె మూసి సమాధి చేస్తారు. ముఖం లేకపోతే అది ఉత్త బట్టల పెట్టె. ఆమెకు కావలసింది ఆ ముఖం.

“ఇంట్లో ఒక్కటీ లేదా?” అన్నాను.

“వాడి ఫోన్లో ఉండేటివి. ఫోను వాడితోనే పోయింది. మా మరదలిది నొక్కుడు ఫోను, అందులో ఫొటోలు పడవు. పెళ్లి ఆల్బం పాత తుఫానుకే తడిసిపాయె, పేజీలు విడదీస్తే వీడి ముఖం లేచి ఆ పక్క ఫొటోకి అంటుకునింది. ఆధార్ కార్డు చూపించినా. అందులో వాడికీ నాకూ తేడా తెలవదు. మండలాఫీసులో ఒకాయన దాన్నీ నన్నూ చూసి, నువ్వు బతికే ఉండావు గదయ్యా అన్నాడు.”

చెప్పి నవ్వబోయి ఆగిపోయాడు.

వాళ్లు నా దగ్గరికి రావడానికి కారణం ఉంది. అంతకుముందు ఏడు కోత పండుగకు అయ్యగారు, అంటే వాళ్ల పాస్టరు, పిలిస్తే కొత్త కెమెరా తీసుకుని వెళ్లాను. జనం గుమ్మడికాయలు, వడ్ల మూటలు, కొబ్బరికాయలు, కోళ్లు తెచ్చి చర్చి ముందు పెడుతుంటే పొద్దంతా తీశాను. తలమీద గుమ్మడికాయతో నడిచి వస్తున్న ఒక ముసలమ్మ ఫొటో ఎంత బాగా వచ్చిందంటే, దాన్ని పెద్దది చేయించి చర్చిలో తగిలించారు. ఆ ముసలమ్మ వెనకాలే చేపల బుట్ట మోస్తూ ఈ తమ్ముడు వస్తున్నాడు.

అన్నను పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్ తెరిచాను. ముసలమ్మ నొసటి ముడతలు లెక్కపెట్టవచ్చు. గుమ్మడికాయ మీది మట్టి కూడా కనిపిస్తోంది. వెనక నీలిచొక్కా, దానిమీద గోధుమరంగు మరక. ఆ మరకే అతని ముఖం. తర్వాతి ఫొటో తెరిచాను, దాని తర్వాతది తెరిచాను. ఒకే నడకలో ముక్కలు ముక్కలుగా అన్ని ఫొటోలు పడ్డాయి, అన్నిట్లో చదరం ముసలమ్మ కంటిమీదే ఉంది. ఒక్కదాంట్లో కూడా అది అతని దగ్గరికి వెళ్లలేదు.

“ఇది వాడే,” అన్నాడు అన్న. “నడక వాడిదే.”

నెల్లూరులో ఫ్లెక్సీలు కొట్టే షాపుకు తీసుకెళ్లాం. షాపతను చూసి ధైర్యం చెప్పాడు. “ఇప్పుడు యాప్‌లు వచ్చినాయి సార్. కళ్లు ముక్కు అదే పెట్టుకుంటది.” టీ తాగేలోపల ముఖం తయారైంది. నున్నటి బుగ్గలు, చక్కటి మీసం, కొంచెం నవ్వు. నాకు కూడా ఒక్క నిమిషం అతనేమో అనిపించింది. అతని ముఖం సరిగా చూసి పలకరించింది ఎప్పుడు కనుక!

పల్లెకు వెళ్లేసరికి అతని భార్య ఇంటి ముందు చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు. కాగితం చేతికిస్తే తిప్పి, మళ్లీ తిప్పి చూసింది.

“ఎవురు ఈయన?”

“వాడే గదమ్మా,” అన్నాడు అన్న.

“మీ తమ్ముడికి ఇన్ని పండ్లు యాడివి? కొక్కెం తగిలి కనుబొమ్మ మీద గాటు ఉండాలి గదా, అదేది?”

పక్కనున్న ఆమె సర్దిచెప్పబోయింది. “బాగానే ఉండాడు గదమ్మే. మట్టిలోకి పొయ్యేదానికి ఏదైతే ఏంది?”

“అట్టయితే తీసుకపోయి నీ మొగుడికి పెట్టుకో.” ఆమె గొంతు పెంచలేదు. తర్వాత నా వైపు తిరిగింది. “అన్నా, ఎవురినో పెట్టెలో పెట్టి, మా ఆయనే అని ఏడవమంటారా నన్ను?”

శనివారం సాయంత్రం సమాధి అని బంధువులందరికీ కబురు వెళ్లిపోయింది. వాయిదా కుదరదని అయ్యగారు మెల్లగా చెప్పారు. బొమ్మ లేకుండానే మూసేద్దామని ఒక పెద్దమనిషి అన్నాడు. ఆమె కాగితాన్ని చాప కిందికి తోసేసింది.

ఇంటికి వచ్చి పాత హార్డ్‌డిస్క్ తీశాను. చిన్న కెమెరాతో తీసినవన్నీ అందులో ఉన్నాయి. ఆ తీరానికి ఎప్పుడెప్పుడు వెళ్లానో గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కటే తిప్పాను. ఒక తుఫాను వెళ్లిన మర్నాటి ఫొటోల్లో ఒకటి దొరికింది. పత్రికలో వేసింది ఇది కాదు. దీన్ని పంపను కూడా లేదు, ఎందుకంటే చెడిపోయిన ఫొటో.

ఇసుకలో కూరుకుపోయిన పడవను తాడుకట్టి లాగుతున్నారు. వంగి లాగుతున్న వీపులన్నీ వరసగా వస్తాయని బటన్ నొక్కాను. కెమెరా తన అలవాటు ప్రకారం ఆలోచించుకుంది. ఆ సందులో తాడు చివరన ఉన్న కుర్రవాడు తల తిప్పి నన్ను చూసి అరిచాడు.

“విలేకరన్నా! ఫొటో ఆనక, ముందు తాడు పట్టు!”

ఫొటో అప్పుడు పడింది. అందరూ నవ్వారు. కెమెరా జేబులో వేసుకుని నేనూ తాడు పట్టుకున్నాను.

అందులో ఏదీ కరిగిపోలేదు. ఆ చిన్న లెన్స్‌కు ముందూ వెనకా తెలియదు. తాడు పీచు, పీతల బొరియలు, పడవ మీది రంగు, వెనక సముద్రంలో అల వెంట అల, అన్నీ ఒకే శ్రద్ధతో పడ్డాయి. కిందిమూల నారింజరంగులో తప్పు తేదీ ఉంది. ముఖం మాత్రం బియ్యపు గింజంత. పెద్దది చేస్తే ఇసుక చల్లినట్టు చుక్కలు తేలాయి. ఆ చుక్కల మధ్య కనుబొమ్మ మీద గాటు ఉంది.

మర్నాడు ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూసింది.

“అరస్తా ఉండాడు.”

“నన్నేనమ్మా తిట్టేది.”

“తిడతాడు,” అంది. “నన్నూ అట్నే.” తెరమీద గాటు దగ్గర వేలు పెట్టి, వెనక్కి తీసుకుంది. “ఈయనే.”

అయ్యగారు కళ్లద్దాలు సవరించుకుని చూశారు. “అమ్మా, పెట్టెలో నోరు తెరిచిన ముఖం... చూసేవాళ్లకు కష్టంగా ఉంటుందేమో. షాపులో నోరు మూసినట్టు చేస్తారంట.”

“మూయించబాకండి అయ్యగారూ. ఇంక దేనికి మూయించేది?”

ఆయన సరేనన్నారు. నేను ల్యాప్‌టాప్ మూయబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “వెనక ఆ సముద్రం మాత్రం తీసేయండన్నా. దాన్ని ఆయనతో పెట్టొద్దు.”

కొత్త కెమెరా అయితే ఆ పని తనంతట తానే చేసి ఉండేది. షాపతను తల చుట్టూ కత్తిరించి వెనక తెలుపు పెట్టాడు. ఎంత చేసినా చెవికీ జుట్టుకూ మధ్య సన్నటి నీలం మిగిలిపోయింది. అది ఆమె గమనించిందో లేదో నాకు తెలియదు. నేను చెప్పలేదు.

సమాధుల చోటు సరుగుడు తోట అవతల ఉంది. అక్కడినుంచి సముద్రం కనిపించదు, వినిపిస్తుంది. పెట్టె తేలిగ్గా ఉండడంతో మోసేవాళ్లకు అడుగులు కుదరలేదు, ఖాళీ మంచం మోసినట్టు ఊగింది. కిందికి దించి మూత తీశారు. ఇస్త్రీ చొక్కా, మడిచిన లుంగీ, పైన ఆ ముఖం. తొలిసారి చూసిన బంధువు ఒకామె అడుగు వెనక్కి వేసింది.

ఆఖరి ఫొటో నన్నే తీయమన్నారు. పెట్టె తలవైపు కొంచెం ఎత్తి పెట్టి, వెనక ఆమె, అన్న, మిగతావాళ్లు నిలబడ్డారు. వెలుగు తగ్గుతోంది. కెమెరా కంటికి పెట్టుకున్నాను. ఆకుపచ్చ చదరం వచ్చి కాగితం మీది అతని కంటిమీద కూర్చుంది.

చదరాన్ని ఆమె వైపు జరిపాను. అది క్షణం నిలబడి మళ్లీ పెట్టెలోకి దిగింది. ఆమె తల వంచుకుని ఉంది, మిగతావాళ్లు ఏడుస్తూ ముఖాలు కప్పుకున్నారు. అక్కడ తెరిచి ఉన్న కళ్లు అతనివే. అలాగే తీస్తే వెనకున్న బతికున్నవాళ్లందరూ మరకలుగా వస్తారు. కన్ను వెతికే పని ఆపేసి, దగ్గరా దూరం అన్నీ పడేలా లెన్స్ కంత సన్నం చేసి, చేత్తోనే దూరం సరిచూసుకున్నాను. వెలుగు చాలదు, ఫొటో గరుకుగా వస్తుంది. రానీ అనుకుని నొక్కాను.

మూత తీసుకుని ఇద్దరు ముందుకు వచ్చారు. ఆమె వాళ్లను ఆగమని, నా దగ్గరికి వచ్చింది.

“అందరూ పడ్డారా అన్నా?”

“పడ్డారమ్మా.”

“ఆయన?”

తెరమీద ఫొటో పెద్దది చేసి చూపించాను. గాటు ఉంది, అరుపు ఉంది, చెవి పక్కన నీలం కూడా ఉంది. ఆమె పైట చెంగుతో తెరమీద ఇసుక తుడిచి మళ్లీ చూసింది.

తర్వాత వెనక్కి తిరగకుండానే, మూసేయమని వాళ్లకు చెయ్యి ఊపింది.