మిర్యాలగూడ ఫైనల్లో మోగిన విజిల్

సూర్యాపేట కాలేజీలో అటెండరుగా చేసి రిటైరైన లింగయ్యను పాతవాళ్లు ఇప్పటికీ రిఫరీ లింగయ్య అనే పిలుస్తారు. జంకు తెలియని మనిషి అని కూడా అంటారు. ఆ మాట వినబడినప్పుడల్లా ఆయన టక్కున మాట మార్చేవాడు. ఎందుకు మార్చేవాడో భార్య సరళకు కూడా చాలాకాలం తెలియదు.

నిజానికి ఆయన చిన్నప్పటి నుంచీ పిరికివాడు. పుట్టింది మోతెలో, గొర్లు కాసే ఇంట్లో. తొమ్మిదేళ్ల వయసులో ఒకరోజు ఆయన ఏమరుపాటున ఉండగా నాలుగు గొర్లు పక్కూరి పటేలు పల్లిచేనులో పడ్డాయి. తప్పు కొడుకుది, పట్టుకుపోయింది తండ్రిని. వీపు మీద బండ పెట్టి పొద్దు వాలేదాకా ఎండలో వంగబెట్టారు. కొడుకు కంచె పక్కన నిలబడి చూశాడు. ఏడవడానికి కూడా భయమేసింది. అప్పటి నుంచి ఆ పటేలులా తెల్లబట్టలు కట్టిన మనిషి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు, కడుపులో ఏదో చల్లగా జారేది.

అలాంటి మనిషిని రిఫరీని చేసింది కాలేజీలోని బాస్కెట్‌బాల్ కోర్టు. దానికి సున్నంతో గీతలు గీయడం, బంతులకు గాలి కొట్టడం ఆయన పని. పని అయిపోయినా సాయంత్రాలు ఆట చూస్తూ అక్కడే నిలబడేవాడు. డ్రిల్లు మాస్టరు వెంకటేశ్వర్లు అది గమనించి, రూల్సు పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. లింగయ్య ఏడాదిపాటు దాన్ని చదివి, జిల్లా పరీక్ష రాసి పాసయ్యాడు. మొదటిసారి విజిల్ నోట్లో పెట్టుకుని కోర్టులోకి దిగిన రోజు ఆయనకే ఆశ్చర్యమేసింది. కడుపు తేలిగ్గా ఉంది. ఆ గీతల లోపల పటేలు కొడుకైనా హమాలీ కొడుకైనా ఐదు ఫౌళ్లు చేస్తే బయటికి పోవాల్సిందే. పొమ్మని చెయ్యి చూపేది తను. గీత దాటి ఇవతలికి వస్తే మళ్లీ పాత లింగయ్యే.

ఆ రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ జట్ల మధ్య ఏటా ఒక టోర్నమెంటు నడిచేది. ఆడేవాళ్లంతా గుమాస్తాలు, మిల్లు పనివాళ్లు, కాలేజీ కుర్రాళ్లు. పగలు పనులు చేసుకుని సాయంత్రం సాధన చేసేవాళ్లు. 1994 ఫిబ్రవరిలో సూర్యాపేట ముందే ఓడిపోయింది. ఫైనల్ మిర్యాలగూడకూ కోదాడకూ పడింది. ఆట మిర్యాలగూడలో. రిఫరీలు మూడో ఊరివాళ్లే ఉండాలి కాబట్టి ఆ పొద్దున వెంకటేశ్వర్లు, లింగయ్య కలిసి బస్సెక్కారు.

దారిలో వెంకటేశ్వర్లు నవ్వుతూ అన్నాడు. "నిరుడు ఇదే ఫైనల్ల రిఫరీకి రాయి తాకింది, ఎర్కేనా? ఎనిమిది కుట్లు వడ్డయ్."

"ఎవలు కొట్టిండ్రు సార్?"

"ఎవలని సెప్తం? మందిల ఎవలో ఒకలు."

లింగయ్య జేబులోని విజిల్‌ను మిగతా దారంతా వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు.

ఆట స్థలం రైసు మిల్లుల వెనక ఉంది. చుట్టూ లారీలు ఆపి, వాటి మీద హమాలీలు పొద్దున్నుంచే ఎక్కి కూర్చున్నారు. గాలి నిండా తవుడు దుమ్ము. కమిటీ అధ్యక్షుడు దామోదర్ ఒక పెద్ద మిల్లు యజమాని. మిర్యాలగూడ జట్టుకు బట్టలు, బూట్లు ఆయనే కొనిచ్చాడు. మధ్యాహ్నం రిఫరీలిద్దరినీ ఇంటికి పిలిచి భోజనం పెట్టించాడు. లింగయ్య గబగబా తిని లేచాడు. చెయ్యి కడుక్కుంటుంటే వెనక నుంచి భుజం మీద బరువైన చెయ్యి పడింది.

"లింగయ్యా, నీదే ఊరు?"

"మోతె, పటేలా."

"ఆట అయినంక ఒక్కనివి బస్టాండు దిక్కు పోకు. మా జీపు ఉంటది, అండ్ల ఎక్కు."

"బస్సున్నది పటేలా, మా సారు గూడ..."

"బస్సు సంగతి ఇడిసిపెట్టు. సెప్పింది ఇను."

అంతే చెప్పి వెళ్లిపోయాడు. లింగయ్య చేతి మీద నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఆ మాటకు అర్థం ఒకటే అనిపించింది. మా ఊరు ఓడితే నువ్వు ఇంటికి చేరవు. ఇంట్లో ఏడాదిన్నర కూతురు గోపిక ఉంది. ఎటైనా పారిపోదామనుకున్నాడు. పారిపోవాలన్నా ఆ లారీల మధ్య నుంచే పోవాలి.

ఆ రోజు మొదటిసారి కోర్టు లోపల కూడా ఆయనకు భయమేసింది. విజిల్ ఊదిన ప్రతిసారీ లారీల మీది నుంచి బూతులు వచ్చేవి. ముందు వరుసలో తెల్లబట్టల్లో కూర్చున్న దామోదర్ మాత్రం కదలకుండా చూస్తున్నాడు. లింగయ్య అటు చూడకూడదనుకుంటూనే పదేపదే చూశాడు. అరచేతుల చెమట చొక్కాకు తుడుచుకుంటూ పరుగెత్తాడు.

చివరికి కోదాడకు అరవై ఒకటి, మిర్యాలగూడకు అరవై. ఇంకా నాలుగు సెకన్లు. బంతి మిర్యాలగూడ కెప్టెన్ ప్రవీణ్ చేతిలో ఉంది. దామోదర్ మిల్లులోనే పనిచేసే హమాలీ కొడుకు. ఇరవై ఒక్కేళ్లు. జిల్లా జట్టుకు తీసుకుంటారని అందరూ అనుకుంటున్న ఆటగాడు. అతను రింగు వైపు దూసుకొచ్చాడు. కోదాడ కుర్రాడు మహేశ్వర్ అడ్డంగా నిలబడ్డాడు. లింగయ్య ఐదడుగుల దూరంలో ఉన్నాడు. వెంకటేశ్వర్లు అవతలి కొసన ఎక్కడో ఉన్నాడు.

సరిగ్గా అప్పుడు లారీ మీది నుంచి ఒక సోడాసీసా లింగయ్య చెవిని గీసుకుంటూ పోయింది.

ఆయన ఉలిక్కిపడి కళ్లు మూసుకున్నాడు. బిగపట్టిన ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది. నోట్లో ఉన్న విజిల్ మోగింది.

కళ్లు తెరిచేసరికి మహేశ్వర్ వెల్లకిలా పడి ఉన్నాడు. ప్రవీణ్ అతని మీదికి వంగి నిలబడ్డాడు. బంతి రింగులోంచి కిందికి జారుతోంది. మైదానం మొత్తం గప్‌చుప్. వేల కళ్లు లింగయ్య చేతుల మీద ఉన్నాయి. ఎవరు ఎవరికి తగిలారో ఆయన చూడలేదు. కానీ విజిల్ మోగింది కాబట్టి ఏదో ఒకటి చెప్పి తీరాలి. తప్పు మహేశ్వర్‌ది అంటే బాస్కెట్ చెల్లుతుంది, మిర్యాలగూడ గెలుస్తుంది, తను ప్రాణాలతో ఇంటికి పోతాడు. అది ఆయనకు స్పష్టంగా తెలుసు. తెలిసి కూడా ఆయన పిడికిలి బిగించి అరచేతిలో గుద్ది చూపించాడు. అంటే, గుద్దింది ప్రవీణ్. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. బాస్కెట్ చెల్లదు. చేతులు అలా ఎందుకు కదిలాయో ఆయనకు ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు.

తర్వాత లారీలు ఖాళీ అయ్యాయి. జనం కోర్టులోకి విరుచుకుపడ్డారు. కోదాడ జట్టు వెంకటేశ్వర్లును కూడా లాక్కుని తమ వ్యానెక్కింది. లింగయ్య చొక్కా చిరిగింది, వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఇంతలో ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని జీపులో పడేశారు. డ్రైవరు పేరు రాజు. జీపు సందుల్లోంచి పడి రోడ్డెక్కింది. దామరచర్ల బోర్డు కనబడింది.

"అన్నా, సూర్యాపేట ఇటు గాదు గదా," అన్నాడు లింగయ్య.

"ఎర్కనే. సప్పుడు జెయ్యకు. తల కిందికి వంచు."

లింగయ్య వంగాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, ఎండలో వంగిన తండ్రి వీపును తలచుకున్నాడు. సిమెంటు ఫ్యాక్టరీలు దాటారు. రోడ్డు పక్క చెట్లన్నీ బూడిద పూసినట్టున్నాయి. వాడపల్లిలో, మూసీ కృష్ణలో కలిసే చోట, ఒడ్డున జీపు ఆగింది. పొద్దు ఇంకా వాలలేదు. ఒడ్డున మనిషన్నవాడు లేడు.

"దిగు," అన్నాడు రాజు.

లింగయ్య దిగలేకపోయాడు. "అన్నా, నాకు సిన్న పిల్లున్నది. నీ కాళ్లు మొక్కుత..."

రాజు అర్థం కానట్టు చూశాడు. "ఏందన్నా గట్ల వణుకుతున్నవ్? చెవి కాణ్నుంచి నెత్తురు కారుతున్నది. కడుక్కో. అమ్మ సూస్తే బుగులు పడ్తది."

అమ్మ అంటే దామోదర్ తల్లి రాజమ్మ. ఆమె ఇల్లు ఆ ఊళ్లోనే. సూర్యాపేట రోడ్డు మీద కొందరు కుర్రాళ్లు కట్టెలు పట్టుకుని లింగయ్య కోసం కాపు కాస్తున్నారు. నిరుటి గొడవ చూసిన దామోదర్ ఈసారి ముందే జాగ్రత్తపడ్డాడు. రాజమ్మ చెవికి పసుపు అద్ది, వేడన్నం వడ్డించి, "తిను బిడ్డా, ఈడ నిన్నెవలు ముట్టరు," అంది. లింగయ్య కంచం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దీపాలు పెట్టే వేళకు దామోదర్ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిలబడే అడిగాడు.

"ఒక్కటే అడుగుత. నిజం సెప్పు. ప్రవీణ్ గుద్దిండా?"

చూడలేదని చెప్పాలి. కళ్లు మూసుకున్నానని చెప్పాలి. లింగయ్య నోరు తెరిచాడు. ఎదురుగా తెల్లబట్టలు. కడుపులో ఆ చల్లదనం.

"గుద్దిండు పటేలా."

"అయితే సరే," అని దామోదర్ తల ఊపాడు. మర్నాడు పొద్దున రాజు లింగయ్యను సూర్యాపేటలో ఇంటి ముందు దింపి వెళ్లాడు.

కథ ఆయనకంటే ముందే ఊరు చేరింది. వేల మంది మీద పడుతుంటే బెదరకుండా బాస్కెట్ చెల్లదని తేల్చేసిన మగాడని వెంకటేశ్వర్లు కనబడిన వాళ్లందరికీ చెప్పాడు. శాలువా కప్పారు. లింగయ్య ఆ తర్వాత ఇరవై ఏళ్లు విజిల్ ఊదాడు కానీ మిర్యాలగూడలో ఆట అంటే ఏదో సాకు చెప్పి తప్పించుకునేవాడు. ప్రవీణ్‌ను జిల్లా జట్టుకు తీసుకోలేదనీ, అతను ఆట మానేసి లారీ నడుపుతున్నాడనీ విన్నప్పుడు మూడు రోజులు అన్నం సహించలేదు. ఎవరో ఒకరు వచ్చి, నువ్వు ఆ రోజు చూడలేదు కదా అని అడుగుతారని ఆయన ముప్పై ఏళ్లు ఎదురుచూశాడు. ఎవరూ అడగలేదు. దామోదర్ పోయాడని తెలిసిన రోజు మిర్యాలగూడ దాకా వెళ్లి, మిల్లు గేటు బయట కాసేపు నిలబడి తిరిగొచ్చేశాడు.

నిరుడు, రిటైరైన నెలకు, సరళకు చెప్పేశాడు. ఆమె చేస్తున్న పని ఆపి మొత్తం విన్నది.

"గిన్నేండ్లు గిది కడుపుల వెట్టుకొని తిరిగినవా? నాకు జెప్పి ఏం లాభం? ఆ పిలగానికే జెప్పు."

"పిలగాడు గాదు, ఆయనకు గూడ యాభై దాటినయ్."

"అయితే జల్ది పో."

ప్రవీణ్ ఇప్పుడు మిర్యాలగూడలో టైర్ల షాపు నడుపుతున్నాడు. లింగయ్య పేరు చెప్పగానే గుర్తుపట్టి కుర్చీ వేశాడు. లింగయ్య కూర్చోలేదు. నిలబడే, తడబడుతూ, సీసా దగ్గర నుంచి రాజమ్మ ఇంట్లో చెప్పిన అబద్ధం దాకా అంతా చెప్పాడు. ప్రవీణ్ చేతిలోని పానా కింద పెట్టాడు. కొడతాడేమో అనుకున్నాడు లింగయ్య. కొడితే పడదామని కూడా అనుకున్నాడు.

"నేను గుద్దిన్నో లేదో నాకు గూడ తెల్వదన్నా," అన్నాడు చివరికి ప్రవీణ్. "నాకప్పుడు రింగొక్కటే కనవడ్డది. గని మర్నాడు పటేలు నన్ను పిలిపిచ్చిండు. 'రిఫరీ నాతోని సెప్పిండు, నువ్వు గుద్దినవట, అందరి ముంగట తప్పు ఒప్పుకో' అన్నడు. మా నాయన ఆయన మిల్లులనే బస్తాలు మోస్తుండె. ఏం జెయ్యాలె? ఒప్పుకున్న. గప్పటి సంది ఊరంత నన్ను ఫైనల్ పోగొట్టినోడన్నది. మా నాయన ఆర్నెల్లు నాతోని మాట్లాడలే."

తన భయం తనతోనే ఉండిపోయిందనుకున్నాడు లింగయ్య ఇన్నాళ్లూ. అది ఇంకో ఇంట్లోకి కూడా పోయిందని ఇప్పుడు తెలిసింది.

"మా నాయన ఇంట్లనే ఉన్నడు," అన్నాడు ప్రవీణ్. "నాకు సెప్పింది ఆయనకు సెప్పు."

ఇల్లు షాపు వెనకే. ముసలాయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బస్తాలు మోసి మోసి మెడ ఒక పక్కకు ఒరిగిపోయింది. చెవులు సరిగా వినబడవు. లింగయ్య మెల్లగా మొదలుపెడితే, "ఏందీ?" అన్నాడు. మళ్లీ చెప్పాడు. "ఏందీ? జర గట్టిగ!"

లింగయ్య గొంతెత్తాడు. "నేను సూడలే! ఆ దినం నేను కండ్లు మూసుకున్న! నీ కొడుకు గుద్దంగ నేను సూడలే! పటేలుకు అబద్ధం జెప్పిన!"

పక్కింటి ఆడవాళ్లు తొంగిచూశారు. షాపులో పనివాళ్లు బయటికొచ్చారు. ముసలాయన లింగయ్యను కిందికీ మీదికీ చూసి, కొడుకు వైపు తిరిగాడు.

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నవ్ రా?"

"నీ పని వోతదని, నాయిన."

ముసలాయన మంచం మీద కొంచెం పక్కకు జరిగి, ఖాళీ చోటును అరచేత్తో తట్టాడు. లింగయ్య వెళ్లి కూర్చున్నాడు. ప్రవీణ్ లోపలికి పోయి నీళ్లు తెచ్చిచ్చాడు.